చెవులమ్మాయి

"అయ్యా, మిమ్మల్నే! చెవుల పరీక్షకి కూడా మంచి ముహూర్తం చూసుకోవాలా?"

వ్యాన్ తలుపు పట్టుకుని ఆ అమ్మాయి వేసిన కేకకి వరుసలో నిలబడ్డవాళ్ళంతా గొల్లున నవ్వారు. చిన్నోడు నవ్వలేదు. ఆమె పిలుస్తున్నది తననేనని అతనికి తెలియలేదు. వెనకున్నవాడు వీపు మీద ఒక్కటి చరిచాక గానీ కదల్లేదు.

"ఏంటండీ, నిలబడే నిద్రపోతున్నారా?"

"లేదండీ. మిమ్మల్ని చూస్తూ మైమరిచిపోయాను," అన్నాడు నోటికొచ్చింది.

వరుస మళ్ళీ గొల్లుమంది. ఆ అమ్మాయి మొహం కందగడ్డలా అయింది. "ముందు లోపలికి రండి, మైమరపు సంగతి తర్వాత చూద్దాం," అంది.

అది రేకు డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీ. రేకుని వంచి, అంచులు నొక్కే ప్రెస్సులు పొద్దస్తమానం దబదబలాడుతూనే ఉంటాయి. చిన్నోడి తండ్రి ఆ ప్రెస్సుల దగ్గరే పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని పెద్దోడనేవాళ్ళు కాబట్టి కొడుకు చిన్నోడయ్యాడు. ఆ పేరుతోపాటు తండ్రి నిలబడ్డ చోటే అతనికీ దక్కింది. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన ప్లగ్గుల్ని అతను దారం కట్టి మెడలో పతకంలా వేసుకు తిరిగేవాడు. "అవి పెట్టుకుంటే మెషిన్ ఏమంటోందో తెలియదు మేస్త్రీ," అని వాదించేవాడు.

ఆ ఏడు కంపెనీ వాళ్ళు చెవుల క్లినిక్ నుంచి వ్యాన్ పిలిపించారు. వినికిడి తగ్గినవాళ్ళని ప్రెస్సుల దగ్గర్నుంచి తీసేసి ప్యాకింగ్‌లో వేస్తారని తెలిసింది. కొత్తగా వచ్చే పెద్ద ప్రెస్సు చిన్నోడికే ఇస్తానని మేస్త్రీ అప్పటికే మాటిచ్చి ఉన్నాడు.

వ్యాన్‌లో అద్దం కిటికీ ఉన్న చిన్న గది. హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికొక బటన్ ఇచ్చి, "బీప్ వినపడినప్పుడల్లా నొక్కండి. ఎంత చిన్నగా ఉన్నా సరే," అని చెప్పి ఆమె కిటికీ అవతల కూర్చుంది.

మొదటి రెండు మూడు బీప్‌లు వినపడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. చిన్నోడు చెవులు రిక్కించాడు. అద్దంలోంచి చూస్తే ఆమె కుడిభుజం ఉండుండి చిన్నగా కదులుతోంది. మీట నొక్కినప్పుడల్లా కదులుతోందని అతనికి అర్థమైంది.

భుజం కదిలినప్పుడల్లా బటన్ నొక్కాడు.

అతను రెప్ప వేయకుండా తన వంకే చూడటం ఆమె గమనించింది. ఒకసారి జుట్టు సర్దుకుంది. ఇంకోసారి కావాలని కోపంగా చూడబోయి నవ్వేసింది. ఆ నవ్వు చూసి చిన్నోడు భుజం సంగతి మర్చిపోయి మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఒక బీప్ పోయింది.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి," అంది బయటికొచ్చాక. "కళ్ళే కాస్త అదుపులో పెట్టుకోవాలి."

"కళ్ళ వ్యాన్ వచ్చినప్పుడు చూపించుకుంటా లెండి."

వ్యాన్ వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. ఒక్కో సెక్షన్ వాళ్ళకీ పరీక్షలు. ఫ్యాక్టరీలో అందరూ ఆమెని చెవులమ్మాయి అనడం మొదలుపెట్టారు. సాయంత్రం బస్సు కోసం ఆమె నిలబడే చోటే చిన్నోడు కూడా నిలబడేవాడు. అతని బస్సు నిజానికి అవతలి వీధిలో ఆగేది.

"రేపు నాకు సెలవు," అంది ఒకరోజు.

మర్నాడు చిన్నోడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వ్యాన్ రాలేదు. గ్రీజు మరకలతో సాయంత్రానికి ఆ చొక్కా చూడ్డానికి లేకుండా పోయింది. ఆ మరుసటి రోజు ఆమె కనపడగానే నిష్ఠూరమాడాడు.

"తెలుపు అని మీరే చెప్పి, మీరే రాకపోతే ఎలాగండీ?"

"తెలుపా? నేను సెలవన్నాను మహానుభావా!"

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. చిన్నోడు కూడా నవ్వాడు, అదేదో తను కావాలని చేసినట్టే. ఇంకోరోజు ఆమె "పాపం" అంటే "పాప ఎక్కడుంది?" అన్నాడు. "తప్పు" అంటే "ఏ డప్పు?" అన్నాడు. ప్రతిసారీ ఆమె నవ్వేది.

"మీతో మాట్లాడితే దిగులు అనేదే దగ్గరికి రాదు," అందొకసారి. ఆ మాట మాత్రం ఎదురుగా నిలబడి, మొహం చూస్తూ అంది. అందుకని పూర్తిగా వినపడింది.

ఆమెకి దిగులుందని అతనికి అలాగే తెలిసింది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అమ్మమ్మే పెంచింది. ఆ అమ్మమ్మ ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. ఈ వారం ఇంటికి పంపేస్తామన్నారట.

"ఇంటికి రాగానే మీ గురించి చెప్తా," అంది చెవులమ్మాయి.

"ఏమని?"

"ఫ్యాక్టరీలో ఒక కోతి ఉందని."

చిన్నోడికి ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

ఇంట్లో తండ్రి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. వీధి చివరిదాకా వినపడేటంత సౌండు. చిన్నోడు ఏం చెప్పినా ఆయన "ఆఁ, ఆఁ" అని తలాడిస్తాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఆఁ, ఆఁ కూడా తగ్గిపోయింది. ఒకప్పుడు ఆ సౌండుకి చిరాకుపడే చిన్నోడు ఈమధ్య ఆ మాటే ఎత్తడం లేదు. ఎందుకో ఆలోచించడం అతనికి ఇష్టం లేదు.

వాన పట్టుకున్న రోజు అది. బస్సు స్టాపు మీద ఇనప రేకు కప్పు. దాని మీద చినుకులు పడుతుంటే ప్రెస్సుల షెడ్డు మొత్తం ఆకాశం నుంచి దిగినట్టుంది. చెవులమ్మాయి తడుస్తూ వచ్చి అతని పక్కన నిలబడింది. గొడుగు చేతిలోనే ఉంది, విప్పలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాన నీళ్ళనుకున్నాడు.

ఆమె రోడ్డు వంకే చూస్తూ ఏదో అంది. పెదవులు కనపడలేదు. వాన హోరులో 'అమ్మమ్మ' అన్నది ఒక్కటీ అందింది. ఇంటికి వచ్చేసిందన్నమాట! చిన్నోడి మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఎంత మంచి మాట చెప్పారండీ! ఇంక మీకు హాయి! స్వీట్లు ఎప్పుడు మరి?"

ఆమె తల తిప్పి చూసింది. ఆ చూపు ఏమిటో అతనికి అర్థం కాలేదు.

"ఇదీ జోకేనా మీకు?"

అది కూడా వినపడలేదు. వినపడనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. నవ్వాడు.

చెవులమ్మాయి వానలోకి దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. గొడుగు విప్పుకోమని వెనకనుంచి అరిచాడు చిన్నోడు. సిగ్గుపడి వెళ్ళిపోయిందనుకుని, ఇల్లు చేరేదాకా ఈల వేసుకుంటూనే ఉన్నాడు.

తర్వాత వ్యాన్ వచ్చినప్పుడు వేరే మనిషి ఎవరో దిగాడు.

"మన చెవులమ్మాయి రాలేదేం?" అని మేస్త్రీని అడిగాడు చిన్నోడు.

"నీకు తెలీదట్రా? రోజూ బస్సు దాకా వెళ్తావు కదా. పాపం, వాళ్ళ అమ్మమ్మ పోయిందంట. మొన్న వాన పడ్డ రోజు సాయంత్రం. ఇక్కడ డ్యూటీలో ఉండగానే ఫోనొచ్చింది."

చిన్నోడు ప్రెస్సు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు గానీ చేతులు ఆడలేదు. స్వీట్లు ఎప్పుడు మరి? తన గొంతు తనకి స్పష్టంగా వినపడుతోంది. ఆ ఒక్కటీ ఎంత బాగా వినపడుతోందో!

మేస్త్రీ దగ్గర పర్మిషన్ తీసుకుని ఆ మధ్యాహ్నమే క్లినిక్ వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె బల్ల వెనక కూర్చుని ఏదో రాసుకుంటోంది. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయింది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"పేషెంట్లున్నారు. మీ జోకులకి ఇప్పుడు టైం లేదు."

"నేనూ పేషెంటునే."

"మీ చెవులకేం? నేనే చూశానుగా."

"మీరు చూసింది నా చెవుల్ని కాదు. నాకు ఏమీ వినపడలేదు. మీరు మీట నొక్కినప్పుడల్లా మీ భుజం కదిలేది. అది చూసి నొక్కాను."

ఆమె చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఆ రోజు వానలో మీరు చెప్పింది కూడా వినపడలేదు. అమ్మమ్మ అన్నది ఒక్కటే వినపడింది. ఇంటికి వచ్చిందనుకున్నా. దేవుడి మీద ఒట్టు... నాకు తెలిసుంటే..." తల దించుకున్నాడు. "మీ పక్కనే ఉండి, మీరు ఏడుస్తుంటే నవ్వాను."

చెవులమ్మాయి కుర్చీలో కూలబడింది.

"అయితే అన్నాళ్ళూ... ఆ తెల్ల చొక్కా, ఆ డప్పు... జోకులు కావా?"

"కావు."

"మీరు నన్ను చూడ్డం కూడా నన్ను చూడ్డం కాదా?"

"మొదట భుజం. తర్వాత మీరు నవ్వారు. అప్పట్నుంచి మిమ్మల్నే."

ఆమె నవ్వబోయింది. అది ఏడుపైంది. అంతసేపూ చిన్నోడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"తప్పు నాది కూడా," అంది కళ్ళు తుడుచుకుని. "పరీక్ష చేసేటప్పుడు అద్దానికి తెర వెయ్యాలి. మీరు చూస్తుంటే బాగుందని వెయ్యలేదు. నా పని నేను సరిగ్గా చేసుంటే ఆ రోజే తెలిసేది. రండి."

ఈసారి తెర వేసింది. లోపల కూర్చున్న చిన్నోడికి చాలాసేపు నిశ్శబ్దమే వినపడింది. తలుపు తీసి ఆమె లోపలికి వచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె చూపించిన కాగితం మీద అతని వినికిడి గీత మొదట బాగానే నడిచి, సగం దాటాక ఒక్కసారిగా కిందికి జారిపోయింది.

"లావు గొంతులు, పెద్ద చప్పుళ్ళు మీకు వినపడతాయి. సన్నవి పోయాయి. ఆడవాళ్ళ మాటలు, పక్షులు, ఫోన్ రింగు. అందుకే సెలవు మీకు తెలుపైంది."

"మందులు వేసుకుంటే తిరిగొస్తుందా?"

"రాదు." ఆమె కళ్ళు దించుకోలేదు. "పోయింది పోయినట్టే. ఉన్నది మాత్రం మన చేతిలో ఉంది. చెవులకి మూత లేకుండా ప్రెస్సు దగ్గర నిలబడితే అదీ పోతుంది. ఇంకా ముందే రావాల్సింది మీరు. ఏమీ తేడా తెలియనప్పుడే రావాల్సింది."

"తేడా తెలుసండీ. తెలిసే రాలేదు."

అప్పుడు చెప్పాడు అమ్మ సంగతి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అమ్మకి వంటింట్లో గుండెనొప్పి వచ్చింది. నాన్న ముందుగదిలో టీవీ చూస్తున్నాడు. అమ్మ కేకేసింది. పక్కింటావిడకి వినపడి, ఆవిడ గోడ అవతల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ తలుపు తోసుకుని వచ్చేదాకా నాన్నకి ఏమీ తెలియదు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నాన్నని చెవులు చూపించుకోమని అమ్మ ఎంత పోరిందో! ఆయన, 'నాకేం, బాగానే ఉన్నా' అనేవాడు. అమ్మ పోయిన రోజు ఆయన మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. తర్వాత నాకూ టీవీ సౌండు సరిపోవడం మొదలైంది. నేనూ నాన్నలాగే అయిపోతున్నానని ఎవరైనా కాగితం మీద గీసి చూపిస్తారని భయం. అందుకే దొంగాట ఆడాను."

చెవులమ్మాయి కాగితం మడిచి అతని జేబులో పెట్టింది.

"ఇది తీసుకెళ్ళి మేస్త్రీకి మీరే చూపించండి. ఇంకొకళ్ళు చెప్పకముందే."

మేస్త్రీ కాగితం చూసి తల పట్టుకున్నాడు. కొత్త ప్రెస్సు ఇంకొకడికి వెళ్ళింది. చిన్నోడు ప్యాకింగ్‌కి వెళ్ళాడు. డబ్బాలు సర్దుతూ మొదట్లో రోజూ ప్రెస్సుల వంక చూసి నిట్టూర్చేవాడు. కానీ టీ తాగే టైంలో అక్కడికి వెళ్ళి, ప్లగ్గులు మెడలో వేసుకుని తిరిగే కుర్రాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని తిట్టేవాడు. "నగలు పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోండ్రా," అనేవాడు. తిట్టేటప్పుడు అతని గొంతు కూడా వాళ్ళ నాన్న గొంతంత పెద్దదే.

చెవి మిషన్లు అమర్చిన రోజు చెవులమ్మాయి అట్టముక్క ఒకటి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెదవులు చూసి చెప్పడం కుదరదు. నేనన్నది అన్నట్టే తిరిగి అనాలి. సరేనా? సముద్రం."

"సముద్రం."

"పుస్తకం."

"పుస్తకం."

"సీతాకోకచిలుక."

"సీతాకోకచిలుక." ఆ 'సీ' ఎంత సన్నగా, ఎంత తడిగా ఉందో! అన్నేళ్ళుగా అది ఎక్కడికి పోయిందో అతనికి తెలియదు.

"నువ్వంటే నాకిష్టం."

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు చిన్నోడు బుద్ధిగా. ఆ తర్వాత గతుక్కుమన్నాడు.

అట్ట వెనకనుంచి నవ్వు వినపడింది. "హమ్మయ్య. ముందు మీరే అన్నారని అందరికీ చెప్తా."

"నాది వినికిడి పరీక్ష కదండీ!"

"పాసయ్యారు."

అట్ట దించాక ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. "ఈ మాట మొదట అమ్మమ్మకి చెప్పాలనుకున్నా," అంది. చిన్నోడు ఆమె చేయి పట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు. చెప్పినంతసేపూ విన్నాడు.

మిగిలింది నాన్న. ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే మాట.

"వినాల్సిన గొంతే పోయాక నాకెందుకురా ఈ మిషన్లు?"

ఒక ఆదివారం చెవులమ్మాయి ఇంటికి వచ్చింది. బ్యాగులో పరికరాలన్నీ తెచ్చుకుంది గానీ తీయలేదు. టీవీ ఆపి, ఆయనకి ఎదురుగా కుర్చీ వేసుకుని, లావు గొంతు చేసుకుని నిదానంగా మాట్లాడింది.

"మా అమ్మమ్మ పోయిందండీ ఈమధ్య. నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ గురించి మాట్లాడుకుందామంటే మా ఇంట్లో ఇంకెవరూ లేరు. మీతో చెప్పుకోనా? వింటారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కొడుకు వంక చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంతసేపు అరిచి చెప్తే నీ గొంతు పోతుందమ్మా," అన్నాడు చివరికి. "ఏదీ, అదేదో పెట్టు."

అప్పుడు తీసింది బ్యాగు. ముందు దీపం వేసి ఆయన చెవుల్లోకి చూసింది, హెడ్‌ఫోన్లు పెట్టి బీప్‌లు వినిపించింది, చిన్న మిషన్లు రెండు సరిచేసి చెవుల వెనక అమర్చింది. ఆయన చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆమె మీట తిప్పింది.

ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. తలెత్తి ఫ్యాను వంక చూశాడు. లేచి వంటింట్లోకి నడిచాడు. కుళాయి కింద గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. అక్కడే నిలబడిపోయాడు. కిటికీ రెక్క గాలికి కిర్రుమంది. తన చెప్పు నేల మీద గీసుకున్న చప్పుడుకి కిందికి వంగి చూసుకున్నాడు. గోడ అవతల పక్కింటావిడ ఎవరితోనో మాట్లాడుతోంది. మాటలు తెలుస్తున్నాయి.

"ఈ ఇల్లు ఇంత చప్పుడు చేస్తుందట్రా?" అన్నాడు.

"చేస్తుంది నాన్నా."

"ఇన్నేళ్ళూ మీ అమ్మ ఇవన్నీ ఒక్కత్తే విందన్నమాట."

చిన్నోడు వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాడు. అమ్మ పోయిన రోజు నుంచి ఆ భుజం మీద చెయ్యి వెయ్యలేదు. తండ్రి గోడకి ఆనుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడవబోయి, ఆ చప్పుడు తనకే వినపడి ఆగాడు. తర్వాత ఆపుకోలేదు.

చాలాసేపటికి ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. చెవులమ్మాయి అమ్మమ్మ సంగతులు చెప్పింది. ఆవిడ పేకాటలో చేసే దొంగాటలు, నిద్రలో తిట్టే తిట్లు, ఆస్పత్రిలో నర్సుకి పెళ్ళి కుదర్చబోయిన వైనం. పెద్దాయన మధ్యలో ఒకచోట నవ్వాడు కూడా. అన్నీ విన్నాక ఆమె వైపు ముందుకు వంగాడు.

"వీడితో ఏదైనా చెప్పాలంటే వంటింట్లోంచి కేకెయ్యకమ్మా. దగ్గరికొచ్చి, ఇదిగో ఇలా ఎదురుగా కూర్చుని చెప్పు. నాకు వినపడటం లేదు, దగ్గరికొచ్చి చెప్పవే అని మీ అత్తయ్యతో నేను ఒక్కసారైనా అనలేదు."

ఇద్దరూ ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. చిన్నోడు చెవులమ్మాయి వంక చూశాడు. ఆమె తల వంచుకుంది.

"అలాగే మావయ్యా," అంది చాలా చిన్నగా.

ఆయన విని తలాడించాడు.